తొమ్మిది ఉంటే తొమ్మిదే

మనుషులు పని ఎందుకు బాగా చేస్తారని అప్పట్లో ఎవరైనా అడిగితే, తడుముకోకుండా చెప్పేదాన్ని: భయంతో అని. నాది ఆరోగ్య శాఖలో సూపర్‌వైజర్ ఉద్యోగం. మొగుళ్లపల్లిలో కొత్తగా చేరిన రోజుల్లో నా పైన ఒక పెద్ద మేడం ఉండేది. "భయం లేని కోడి బజార్ల గుడ్డు పెట్టిందట" అని రోజుకు రెండుసార్లు అనేది, వారానికి రెండు మెమోలు ఇచ్చేది. నేను ఆమె దగ్గర సామెతా నేర్చుకున్నాను, మెమోలు రాయడమూ నేర్చుకున్నాను. కొడకండ్ల దగ్గర భూములున్న ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి మనుషుల మీద అరవడం వేరే నేర్చుకోవాల్సిన అవసరం పడలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో నన్ను మహబూబాబాద్ వైపు వేశారు. ఆ ఊరిని మేమంతా మానుకోట అనే అంటాం. ఇల్లు జనగామలో. పొద్దున్నే రైలెక్కి మానుకోటలో దిగి, అక్కడి నుంచి ఆటోల్లో నా కిందున్న దవాఖానలు తిరిగేదాన్ని. నెల తిరక్కుండానే నాకు 'మెమో మేడం' అని పేరు పడింది. ఆ పేరు నా చెవిన పడ్డప్పుడు కోపం రాలేదు సరికదా, లోపల్లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

బయ్యారం రోడ్డులో ఒక చిన్న దవాఖాన ఉండేది. అక్కడ టీకాలు చూసుకునే ఏఎన్ఎం పక్క తండా మనిషే. ముప్పై ఏళ్లుంటాయి. ఇంట్లో లంబాడీ మాట, దవాఖానలో మా తెలుగు. టీకాల ఫ్రిజ్, దాని తాళంచెవి, దాని మీద అతికించిన చార్టు, మూడూ ఆమె చేతిలోనే ఉండేవి. టీకాలు రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. అందుకని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి థర్మామీటరు చూసి చార్టులో రాయాలి. ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలిసిన రహస్యం ఒకటుంది. చాలాచోట్ల ఆ చార్టును నెలాఖరున ఒక్కసారే కూర్చుని నింపుతారు. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. ఒకే పెన్ను, ఒకే వంపు. నేను కింద సంతకం పెట్టి వచ్చేదాన్ని, ఎందుకంటే నాలుగులో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు.

ఆమె చార్టు అలా లేదు. ఒకరోజు మూడు, ఒకరోజు ఆరు, ఒకచోట అయిదున్నర. ఒక ఆదివారం సాయంత్రం గడిలో ఎర్ర సిరాతో తొమ్మిది అని ఉంది. నాకు పండగైంది. అక్కడికక్కడే మెమో రాసి చేతిలో పెట్టాను. తొమ్మిది డిగ్రీలు ఎందుకు అయింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను అని.

మూడో రోజు ఒక తెల్ల కాగితం వచ్చింది. అందులో రెండే వాక్యాలు. "ఆ రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. థర్మామీటరులో తొమ్మిది ఉన్నది కాబట్టి తొమ్మిది రాశాను." క్షమించమని లేదు, ఇకముందు జరగదని లేదు. చదివి ఒళ్లు మండిపోయింది. "మనిషికి ఎంత పొగరుండాలె" అనుకుంటూ దాన్ని ఫైల్లో కుట్టేశాను. అబద్ధం రాసిన పది దవాఖానలకు సంతకాలు పెట్టి, నిజం రాసిన ఒక్కదానికి మెమో ఇచ్చానన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత నెల వెళ్లేసరికి బుధవారం. టీకాల రోజు. ఆమె ఐస్‌ప్యాకులు నాలుగు బయటపెట్టుకుని బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. తండాకు టీకాలు మోసుకెళ్లే చిన్న డబ్బాలో గోడలకు ఆనించి పెట్టే నీళ్ల ప్యాకులు అవి. గడ్డకట్టించి వాడతారు.

"ఐసు కరిగిపోతుంటే చూసుకుంట కూసున్నవేంది?" అన్నాను.

"చెమట పట్టాలె మేడం," అంది. ఒక ప్యాకు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "ఇంక అయితలేదు. లోపల నీళ్ల సప్పుడు రావాలె. అట్లనే పెడితే సీసలు గడ్డకడుతయి."

గడ్డకడితే కొన్ని టీకాలు చచ్చిపోతాయని శిక్షణలో నాకూ చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఐస్‌ప్యాకును చెవి దగ్గర పెట్టుకుని వినే మనిషిని చూడడం అదే మొదలు. ఆ మాట ఒప్పుకోకుండా, "తొందరగ కానీ" అని వచ్చేశాను.

ఆ వానాకాలం చివర్లో సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గుబాయిలు, అన్నీ బంద్. మానుకోటలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సమ్మె టెంట్లు లేచాయి, రోడ్ల మీద వంటావార్పులు, బతుకమ్మ ఆటలు. రైళ్లను ఎక్కడ ఆపుతారో తెలియక జనగామ నుంచి తిరగడం మానేసి మానుకోటలోనే ఒక గది తీసుకున్నాను. దవాఖానల్లో కాన్పులు, టీకాలు మాత్రం ఆగొద్దనీ, రాతకోతలన్నీ ఆపాలనీ సమ్మె పెద్దలే చెప్పారు. ఆ ఏఎన్ఎం నల్లబ్యాడ్జీ పెట్టుకుని పొద్దున ఫ్రిజ్ చూసి టెంటుకు పోయేది, సాయంత్రం టెంటు నుంచి వచ్చి మళ్లీ ఫ్రిజ్ చూసేది. నినాదాలిచ్చి గొంతు పోయి, సైగలతో మాట్లాడిన రోజులూ ఉన్నాయి.

"చార్టు కూడ రాతకోతల్లనే వస్తది. నువ్వు రాయకున్నా ఈ నెల నిన్నెవరు అడుగరు," అన్నాను ఒకసారి, ఆమె ఏమంటుందో చూద్దామని.

"మనం కొట్లాడేది సర్కారుతోని మేడం. ఫ్రిజ్ మనకేం చేసింది?" అంది.

మెమోలు ఇచ్చే అధికారం నాకు ఆ రోజుల్లో లేదు. నేనూ సమ్మెలోనే ఉన్నాను. భయపెట్టేవాళ్లు ఎవరూ లేనప్పుడు ఈమె ఎందుకు రోజూ రెండుసార్లు వంగి థర్మామీటరు చూస్తోందో నాకు నిజంగా అర్థం కాలేదు.

బొగ్గు ఆగిపోయేసరికి కరెంటు కోతలు మొదలయ్యాయి. ఊళ్లలో ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. మా తమ్ముడు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని చేస్తాడు. వాడూ సమ్మెలోనే. ఫోన్ చేసి, "మీరు బొగ్గు ఆపితే ఇక్కడ నా టీకాలు ఖరాబయ్యేటట్టున్నయిరా" అని దెప్పాను.

"జర ఓపిక పట్టక్కా," అన్నాడు. కాసేపు ఇంటి సంగతులు మాట్లాడాక వాడే మళ్లీ అన్నాడు. "రోజు బాయిల దిగి పని చేసేటప్పుడు ఏమనిపియ్యకపోయేది. ఇంట్ల కూసుంటే ఒకటే యాదికొస్తంది. మాకంటె ముందు షిఫ్టోళ్లు బాయి కప్పు కూలకుండ కింద దిమ్మెలు పెట్టిపోతరు. ఎవడు పెట్టిండో మొఖం కూడ తెల్వది. మంచిగ పెట్టిండనుకొని మేం దాని కిందికి పోతం. ఇన్నేండ్లల్ల ఒక్కసారి కూడ పైకి చూసి అనుమానపడలే."

నేను ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను. నా ఆలోచనంతా ఫ్రిజ్ మీదే ఉంది.

ఒక సోమవారం మధ్యాహ్నం జిల్లా ఆఫీసు నుంచి ఫోన్. కోతల వల్ల ఎక్కడైనా టీకాలు పాడైతే ఆ సూపర్‌వైజర్‌దే బాధ్యత, సమ్మె అయ్యాక చర్య తప్పదు. ఇరవై ఏళ్లు నేను ఇతరులకు పంచిన భయం ఎంత బరువుంటుందో మొదటిసారి నా చేతికి వచ్చింది. ఆటో కట్టించుకుని బయ్యారం రోడ్డు పట్టాను.

ఆమె టెంటు నుంచి వచ్చి ఫ్రిజ్ చూపించింది. పొద్దటి నుంచి కరెంటు లేదు. థర్మామీటరులో ఏడు.

"మూత తెరవకుంటే రేపటిదాక ఆగుతది మేడం. ఈ ఫ్రిజ్ మంచిదే. రాత్రి కొంచెంసేపు కరెంటొచ్చినా సాలు," అంది.

"రాకపోతే? ఎనిమిది దాటితే? నీ మెడకు కాదు, నా మెడకు చుట్టుకుంటది," అన్నాను.

మానుకోటలో జనరేటర్ మీద నడిచే ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. ఆటో అతన్ని పంపి రెండు ఐసు దిమ్మెలు, ఊక చల్లిన గోనెసంచుల్లో తెప్పించాను. ముక్కలు కొట్టించి, సంచుల్లో కట్టి, పెద్ద కోల్డ్ బాక్సులో, ఫ్రిజ్‌లోంచి తీయించిన టీకా పెట్టెల చుట్టూ పేర్పించాను. అక్కడితో ఆగినా బాగుండేది. జనగామ స్టేషన్ ముందు కుల్ఫీ బండి అతను ఐసులో దొడ్డుప్పు గుమ్మరించడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. ఉప్పేస్తే చల్లదనం ఆగుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎదురు దుకాణం నుంచి రెండు ప్యాకెట్లు తెప్పించాను.

"ఉప్పు వద్దేమో మేడం," అంది ఆమె మెల్లగా.

"నాకు నేర్పుతున్నవా? పోయిన మెమో సరిపోలేదా?" అన్నాను.

ఆమె మొహంలో ఏదో మారింది. ప్యాకెట్ చింపి, నేను చెప్పినట్టే పిడికెడు పిడికెడు చల్లింది. పొద్దటిదాకా మూత తీయొద్దని గట్టిగా చెప్పి, తృప్తిగా మానుకోట వచ్చి పడుకున్నాను. ఆ రాత్రి కరెంటు మూడు గంటలు వచ్చింది. ఏమీ చేయకుండా వదిలేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆమె బాక్సు తెరిచి, సీసాలన్నీ బల్ల మీద పరిచి కూర్చుంది. టెంటుకు పోలేదు. లోపల పెట్టిన థర్మామీటరు సున్నాకు నాలుగు డిగ్రీలు కింద చూపించింది. కుల్ఫీ గడ్డకట్టేది ఉప్పు వల్లే అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఒక డీపీటీ సీసా కరిగాక ఊపి, కిటికీ వెలుతురుకు పట్టింది. పసిపిల్లలకు కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే సూది అది. మంచి మందైతే పాలలా తెల్లగా నిలుస్తుంది. ఇది విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అడుక్కు దిగింది, పైన తేట నీళ్లు మిగిలాయి.

చార్టు వైపు చూశాను. సోమవారం సాయంత్రం గడి ఖాళీగా లేదు. "చూడలేదు. మూత తీయొద్దని మేడం చెప్పారు" అని చిన్న అక్షరాల్లో ఇరికించి రాసి ఉంది. మంగళవారం పొద్దున గడిలో ఎర్ర సిరాతో మైనస్ నాలుగు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ తర్వాత నేనన్న మాటలు రాయడానికి చెయ్యి రావడం లేదు గాని, రాయకపోతే ఈ కథ చెప్పి లాభం లేదు.

"ఊపితే మళ్ల కలుస్తది కద. చూస్తే ఎవరికి తెలుస్తది?" అన్నాను. "మందు ఇయ్యాల పనిచేసిందా లేదా అని ఎవరు పరీక్ష చేస్తరు? రేపు బుధవారం. ఏసెయ్, ముచ్చట అయిపోతది."

ఆమె సీసాను బల్ల మీద పెట్టింది.

"నాకు తెలుస్తది కద మేడం."

ఆమే మళ్లీ అంది. "నేను కొత్తగ వచ్చినప్పుడు తండల సూదంటే తలుపులు పెట్టుకునేటోళ్లు. సూదేస్తే జ్వరమొస్తదని మా అవ్వనే నన్ను తిట్టింది. ఇప్పుడు నేను పోతే పిల్లలను ఎత్తుకొని ఎదురొస్తరు. సూది పడ్డది, ఇగ భయం లేదని ధీమాగ ఉంటరు. పోయేటప్పుడు మక్కకంకులు ఒళ్లె పోస్తరు. ఉట్టి నీళ్లు పొడిచి, ఆ కంకులు నేనెట్ల తినాలె?"

గొంతు బొంగురుగానే ఉంది, టెంటులో అరిచిన గొంతు. అందులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంకా నాలో మిగిలిన భయం ఇంకో దారి వెతికింది. "సరే, వేయొద్దు. కరెంటు లేక పాడైనయని రాద్దాం. సమ్మె కాలం, ఎవరూ అడుగరు."

"సమ్మె మీద పెట్టద్దు మేడం," అంది వెంటనే. "గిట్ల అందరు తమ తప్పులు దాని మీదనే పెడితే, రేపు తెలంగాణ వచ్చినంక మన మొఖం ఎట్ల? అయినా కరెంటు లేకపోతే గరమైతయి. గడ్డకట్టవు."

బొగ్గు ఆపి కూర్చున్న నా తమ్ముడి మీద నా పిడికెడు ఉప్పును నెట్టబోయానని అప్పుడు తెలిసింది. వాడు ఫోన్‌లో చెప్పింది కూడా అప్పుడే తలకెక్కింది. కప్పుకు దిమ్మెలు మంచిగ పెట్టారని నమ్మి, పైకి చూడకుండా కిందికి పోయే మనుషులు. బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఉప్పు వద్దని తెలిసి కూడ నిన్న ఎందుకు గట్టిగ చెప్పలే?" అని అడిగాను.

"మెమో అన్నరు కద మేడం. భయమైంది," అంది తల వంచుకుని. "ఇగ మీరు చెప్పిందే చేసిన."

నా ఇరవై ఏళ్ల సామెత అక్కడ కూలిపోయింది. ఆమె ఆ దవాఖానలో భయంతో చేసిన పని ఒక్కటే. పాడైందీ ఆ ఒక్కటే.

బుధవారం ఆమెతో పాటు నేనూ తండాకు నడిచాను. పోలియో చుక్కల మందు గడ్డకట్టినా చెడదు కాబట్టి చుక్కలు వేసింది. డీపీటీ సూది పడాల్సిన పిల్లల తల్లులను పక్కన కూర్చోబెట్టి, మందు పాడైందనీ, వచ్చే బుధవారం కొత్తది తెస్తాననీ వాళ్ల భాషలో చెప్పింది. ఒక ముసలమ్మ మనవడిని చంకలో ఎత్తుకుని వచ్చింది. ఏదో అడిగింది. ఏఎన్ఎం నా వైపు చూసింది.

"ఏమంటున్నది?" అన్నాను.

"ఎవరు పాడు చేసిన్రని అడుగుతున్నది మేడం. నేను చెప్పుకుంటలే."

"నేను చేసిన అవ్వా," అన్నాను ముసలమ్మతో తెలుగులోనే. "ఐసుల ఉప్పు ఏపిచ్చిన. ఈమె వద్దన్నది, నేనే ఇనలే."

ముసలమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇంత సదువుకుంటివి, ఉప్పు యాడ ఎయ్యాల్నో తెల్వదా బిడ్డా?" అంది. తల్లులందరూ నవ్వారు. ఏఎన్ఎం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి ఎవరైనా ఎదురుగా నవ్వి ఎన్నేళ్లయిందో. కోపం రాకపోవడం చూసి నాకే వింతగా అనిపించింది.

కొత్త మందు వరంగల్ నుంచి రావాలి. బస్సుల్లేవు. ఆమే ఆటోలు మారుతూ పోయి, టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. తర్వాత బుధవారం నేను వెళ్లేసరికి ఐస్‌ప్యాకులు బల్ల మీద చెమటలు పడుతున్నాయి. ఆమె ఒకటి తీసి నా చేతికిచ్చింది. "మీరే చెప్పున్రి మేడం, అయిందా?"

చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల ఐసు గడ్డకీ గోడకీ మధ్య కొంచెం నీళ్లు కదిలిన చప్పుడు. "అయింది," అన్నాను. ఆ రోజు తండాలో పిల్లలందరికీ సూదులు పడ్డాయి. సంచిలో కంకులు నిండాయి. రెండు నా సంచిలోకీ వచ్చాయి. మానుకోట గదిలో స్టవ్ మీద కాల్చుకుని తిన్నాను.

సమ్మె ముగిసిన కొన్ని రోజులకు జిల్లా ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. టీకాలు గడ్డకట్టడానికి కారణమేమిటో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. నేను ఎన్నోసార్లు రాసిన వాక్యం, అక్షరం మారకుండా. ఫైల్లోంచి ఆమె పాత కాగితం తీసి ముందు పెట్టుకున్నాను. దాని కంటే బాగా రాయడం చేత కాలేదు. "ఐసులో ఉప్పు వేయమని చెప్పింది నేనే కాబట్టి నేనే అని రాస్తున్నాను. ఏఎన్ఎం వద్దని చెప్పింది. పాడైన సీసాలు ముప్పై ఆరు."

పంపే ముందు ఆమెకు చూపించాలనిపించింది. మెచ్చుకుంటుందనే ఆశ నాకు లేకపోలేదు. బయ్యారం రోడ్డుకు పోయి కాగితం చేతికిచ్చాను. వేలు పెట్టి మెల్లగా చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. లేచి రిజిస్టర్ తెచ్చి తిరగేసింది.

"ముప్పై ఆరు కాదు మేడం. వెలుతురుకు పట్టి చూసినం కద, ఆ సీస మీరు లెక్కల పట్టలే," అంది. "ముప్పై ఏడు."

పెన్ను అడిగి తీసుకుని, కొట్టేసి, ముప్పై ఏడు అని రాశాను.